పాత వ్యానులో పైలట్ బేరింగ్ పోతే: గేర్‌బాక్స్ దింపడం నుంచి రివర్స్ గేరు పరీక్ష దాకా

విజయవాడ బెంజ్ సర్కిల్‌లో ఎర్రలైటు పడింది. ఫస్ట్ గేరులో క్లచ్ తొక్కిపెట్టి ఉంచిన పాత వ్యాను కింద నుంచి గరగరమని సౌండు వస్తుంది. పచ్చలైటు పడి కాలు తీయగానే సౌండు మాయం. ఇంకొన్నాళ్లకు రివర్స్ గేరు కరకరలాడుతుంది, ఆ తర్వాత అసలు పడదు. ఈ దశలో చాలామంది క్లచ్ ప్లేటు పోయిందనుకుని కొత్త సెట్టు వేయిస్తారు. నెల తిరగకుండా అదే సౌండు మళ్లీ మొదలవుతుంది. అప్పటిదాకా మార్చనిది ఫ్లైవీల్ (ఇంజను వెనుక తిరిగే బరువైన చక్రం) మధ్యలో, అరచేతిలో దాగిపోయేంత చిన్న బేరింగు. దాన్నే పైలట్ బేరింగ్ అంటారు. కొందరు మెకానిక్‌లు ఫ్లైవీల్ బేరింగ్ అనీ, స్పిగాట్ బేరింగ్ అనీ అంటారు.

ఈ పద్ధతి ఇంజను ముందు, దాని వెనుక గేర్‌బాక్సు, అక్కడి నుంచి జాయింట్ షాఫ్ట్ వెనుక చక్రాలకు వెళ్లే పాత వ్యానులకు. మారుతీ ఓమ్నీ, పాత టెంపో ట్రావెలర్ ఆ కోవలోవి. టాటా వింగర్‌లాగా ముందు చక్రాలు లాగే బండ్లలో గేర్‌బాక్స్ దింపే దారే వేరు. వాటికి దీన్ని అనుసరించవద్దు.

ఈ బేరింగు పని ఎప్పుడు చేస్తుంది

ఇంజను తిప్పుడును గేర్‌బాక్సులోకి తీసుకెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్ ముందు కొన ఈ బేరింగులో కూర్చుంటుంది. వెనుక కొసను గేర్‌బాక్స్ ముందు బేరింగు మోస్తుంది. రెండు చోట్లా ఆసరా ఉంటేనే షాఫ్టు ఊగకుండా నిలబడి, క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు సమంగా అంటుకుంటుంది.

పెడల్ మీద కాలు లేనప్పుడు ఫ్లైవీలూ ఇన్‌పుట్ షాఫ్టూ కలిసే తిరుగుతాయి. అంటే బేరింగు లోపలి రింగూ బయటి రింగూ ఒకే వేగంతో పోతాయి, మధ్యలో గుండ్లు దొర్లవు. పెడల్ తొక్కి గేరులో నిలబడితేనే బయటి రింగు ఇంజనుతో తిరుగుతుంది, లోపలి రింగు కదలకుండా ఉంటుంది. ఇంజను ఐడిల్ 800 ఆర్‌పీఎం ఉందనుకుంటే, ఒకటిన్నర నిమిషం సిగ్నల్‌లో క్లచ్ తొక్కి ఉంచడం అంటే బేరింగును 1,200 చుట్లు తిప్పడం. న్యూట్రల్‌లో వేసి కాలు తీస్తే ఒక్క చుట్టు కూడా ఉండదు. డ్రైవరు అలవాటుకూ ఈ బేరింగు ఆయుష్షుకూ ఉన్న లింకు ఇదే. స్కూలు వ్యానుల్లో ఇది త్వరగా పోవడానికి కారణం కూడా ఇదే.

సౌండు ఎక్కడిదో తేల్చుకోండి

గేర్‌బాక్స్ దింపడం ఒక రోజు పని. అందుకే ముందు పావుగంట ఈ పరీక్షలకు కేటాయించండి. బండిని సమతలంలో నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజను వేడెక్కాక మొదలుపెట్టండి.

న్యూట్రల్‌లో కాలు తీసి ఉంచినప్పుడు సౌండు ఉండి, పెడల్ తొక్కితే పోతే అది గేర్‌బాక్స్ ముందు బేరింగు. పైలట్ కాదు.

పెడల్‌ను వేలితో తోసినంత నెమ్మదిగా నొక్కండి. ఫ్రీ ప్లే (పెడల్‌లో మొదట ఉండే ఖాళీ కదలిక) అయిపోయి, ఫోర్కు తోసిన రిలీజ్ బేరింగు క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటును అంటుకోగానే సౌండు మొదలైతే అది రిలీజ్ బేరింగు.

పెడల్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వేసి అలాగే పట్టి ఉంచితే సౌండు గట్టిగా వచ్చి, పెడల్ తొక్కి ఉండగానే న్యూట్రల్‌కు తెస్తే మెల్లగా తగ్గుముఖం పడితే, అది పైలట్ బేరింగే అయ్యే అవకాశం ఎక్కువ. న్యూట్రల్‌లో ఇన్‌పుట్ షాఫ్టును ఆపేది ఏదీ ఉండదు కాబట్టి, అరిగిన బేరింగు దాన్ని తనతోపాటు లాక్కుపోతుంది. రింగుల మధ్య తేడా తగ్గుతుంది, సౌండు కూడా తగ్గుతుంది.

బేరింగు జామ్ అయితే సౌండు రాకపోవచ్చు. అప్పుడు ఇన్‌పుట్ షాఫ్టు ఫ్లైవీల్‌తో కలిసిపోయి తిరుగుతూనే ఉంటుంది, క్లచ్ కట్ అవ్వదు. ఇంజను ఆపి ఉంచితే గేర్లన్నీ వెన్నలా పడతాయి, స్టార్ట్ చేస్తే ఒక్కటీ పడదు. ఇదే లక్షణం క్లచ్ హైడ్రాలిక్ చెడినప్పుడూ, క్లచ్ ప్లేటు వంకరపోయినప్పుడూ వస్తుంది. కాబట్టి ముందు చూడాల్సింది స్లేవ్ సిలిండర్ (గేర్‌బాక్స్ దగ్గర క్లచ్ ఫోర్కును తోసేది) రాడ్డు. ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు బయటి నుంచి, ఇంజను ఆపి ఉన్నప్పుడే, రాడ్డు ఎంత దూరం కదులుతోందో స్కేలు పెట్టి చూడాలి. కదలిక తక్కువగా ఉన్నా, పెడల్ మెత్తగా ఉన్నా గాలి తీయడం, మాస్టర్ సిలిండర్ రబ్బరు కప్పులు మార్చడం ముందు చేయండి. ఓమ్నీలో కేబులే కాబట్టి కేబుల్ తీగలు తెగాయేమో, ఫ్రీ ప్లే ఎక్కువైందేమో చూస్తే చాలు. అవన్నీ బాగున్నా క్లచ్ కట్ కావడం లేదంటేనే కింద పడుకోండి.

పోవడానికి కారణం తెలియకుండా కొత్తది వేయొద్దు

ఈ బేరింగు ఊరికే పోవడం అరుదు. ఎక్కువసార్లు పక్కనే ఉన్న తప్పు దీన్ని తినేస్తుంది. ఆ తప్పును అలాగే వదిలి కొత్తది వేస్తే అదీ తొందరగానే పోతుంది. మన ఊళ్లో తరచుగా కనిపించే కారణాలు ఇవి.

క్రాంక్ (ఇంజను ప్రధాన షాఫ్టు) వెనుక ఆయిల్ సీలు కారడం. వేడి ఇంజన్ ఆయిలు బేరింగులోకి చేరి గ్రీజును కడిగేస్తుంది.

వరద నీరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. నీరు దిగాక చాలామంది ఇంజన్ ఆయిలూ గేర్ ఆయిలూ మార్చి బండి తీసేశారు. బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే గేర్‌బాక్స్ ముందు భాగం) లోపలికి వెళ్లిన బురద నీరు మాత్రం అక్కడే ఉంది. రబ్బరు సీలు ఉన్న బేరింగు నీటిని కొంత ఆపుతుంది, లోహపు మూత ఉన్నది ఆపదు. తుప్పు పట్టిన గుండ్లు సౌండు చేయడానికి నెలలు పట్టవచ్చు. వరద తగిలిన బండికి ఎప్పుడు క్లచ్ పని వచ్చినా పైలట్ బేరింగు తప్పకుండా మార్చండి.

డోవెల్ పిన్నులు లేకపోవడం. ఇంజను బ్లాకుకూ బెల్ హౌసింగ్‌కూ మధ్య ఉండే ఈ చిన్న పిన్నులు గేర్‌బాక్సును క్రాంక్ మధ్య గీతకు సూటిగా నిలుపుతాయి. గతంలో గేర్‌బాక్స్ దింపినప్పుడు పోగొట్టి, బోల్టులతోనే బిగించిన బండ్లు తక్కువేమీ కావు. బోల్టుకూ దాని రంధ్రానికీ మధ్య ఉన్న ఖాళీ మేరకు గేర్‌బాక్సు పక్కకు జరుగుతుంది. ఆ బరువంతా పైలట్ బేరింగు మీదే పడుతుంది.

గేర్‌బాక్సును ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడదీయడం. ఎక్కించేటప్పుడు సాయం లేక, షాఫ్టు దూరిన తర్వాత చేతులు వదిలేస్తారు. ఆ కొద్ది నిమిషాల్లోనే రింగు లోపల గుండ్లు సొట్టలు పెడతాయి. బండి తీయగానే సౌండు వస్తుంది, మెకానిక్ దాన్ని 'సెట్ అవుతుంది' అంటాడు. అవ్వదు.

మరొకటి చాలామందికి తెలియనిది. హైవే మీద వందల కిలోమీటర్లు క్లచ్ తొక్కకుండా నడిచే బండిలో గుండ్లు ఒకే చోట ఉండి, ఇంజను వణుకుకు రింగుల మీద గీతలు పెడతాయి. గుంటూరు మిర్చి యార్డుకు లోడు తోలే బండ్లలో ఊరి ట్రాఫిక్ తక్కువైనా ఈ బేరింగు పోవడానికి ఇది ఒక కారణం.

బేరింగు నంబరు చదవడం

షాపుకు వెళ్లి బండి పేరు చెబితే చాలదు. ఏళ్ల తరబడి ఎవరెవరో పని చేసిన బండిలో ఏ బేరింగు ఉందో బండి పేరు చెప్పదు. పాతది చేతిలోకి వచ్చాక దాని రింగు అంచు మీద చెక్కిన నంబరు చదివి, వెర్నియర్‌తో కొలిచి కొనండి.

నంబరులో మొదటి 6 అంటే సాధారణ గుండ్ల బేరింగు. రెండో అంకె మందం, బయటి వ్యాసం వరుస. చివరి రెండంకెలు లోపలి రంధ్రం: 01 అంటే 12 మి.మీ., 02 అంటే 15, 03 అంటే 17, 04 నుంచి అంకెను అయిదుతో హెచ్చిస్తే సరి. ఆ ప్రకారం 6201 కొలత 12×32×10 మి.మీ., 6202 కొలత 15×35×11, 6203 కొలత 17×40×12.

ఇక్కడో ఉచ్చు ఉంది. 6202, 6003 రెండింటికీ బయటి వ్యాసం 35 మి.మీ.నే. 6201, 6002 రెండింటికీ 32. కాబట్టి తప్పు బేరింగు కూడా ఫ్లైవీల్ రంధ్రంలో చక్కగా కూర్చుంటుంది. 15 మి.మీ. ముక్కు (ముందు కొన) ఉన్న షాఫ్టుకు 17 మి.మీ. రంధ్రం వస్తే 2 మి.మీ. ఖాళీతో షాఫ్టు అసలు ఆసరా లేకుండా ఊగుతుంది. పైకి అంతా బిగిసినట్టే ఉంటుంది. అందుకే బయటి కొలత ఒక్కటీ చూసి సంతృప్తి పడొద్దు, కొత్త బేరింగును ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కుకు తొడిగి చూశాకే ఫ్లైవీల్‌లో కొట్టండి. చేత్తో తోస్తే జారి దూరాలి, అటూ ఇటూ ఊపితే కదలకూడదు.

నంబరు తర్వాతి అక్షరాలు కూడా ముఖ్యమే. 2ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీళ్లు, జెడ్‌జెడ్ అంటే రెండు వైపులా లోహపు మూతలు, సీ3 అంటే లోపల కొంచెం ఎక్కువ ఖాళీ. తయారీదారు ఇచ్చిన రకాన్నే అనుసరించండి. ఎంపిక మీ చేతిలో ఉంటే మన దుమ్ముకూ వానకూ 2ఆర్‌ఎస్ మేలు. మూతల్లేని ఖాళీ బేరింగు చవక కదా అని వేయొద్దు. క్లచ్ ప్లేటు దుమ్ము దాన్ని నమిలేస్తుంది. ఎస్‌కేఎఫ్, జైపూర్‌లో తయారయ్యే ఎన్‌బీసీ లాంటి పేరున్న బ్రాండ్లకు నకిలీలు బాగా వస్తాయి. ఆటోనగర్‌లో కొనేటప్పుడు బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే తీసుకోండి. చెక్కిన అక్షరాలు చెదిరినట్టున్నా, చేత్తో తిప్పితే గరుకుగా ఉన్నా వెనక్కి ఇచ్చేయండి.

కొన్ని ఇంజన్లలో గుండ్ల బేరింగుకు బదులు కంచు బుష్షు ఉంటుంది. దానికి గ్రీజు రాయకూడదు, సన్న రంధ్రాలు మూసుకుపోతాయి. బుష్షు ఒక కొసను బొటనవేలితో మూసి, ఇంజన్ ఆయిల్ నింపి, రెండో కొసను కూడా వేలితో మూసి గట్టిగా నొక్కండి. బయటి గోడ మీద చెమటలా ఆయిల్ చుక్కలు పొడితే ఆయిల్ లోపలికి ఎక్కినట్టు. అప్పుడే బిగించండి.

బేరింగుతో పాటు తెచ్చుకోవాల్సినవి: రిలీజ్ బేరింగు, క్రాంక్ వెనుక ఆయిల్ సీలు, గేర్‌బాక్స్ ముందు ఆయిల్ సీలు, గేర్ ఆయిలు (చాలా పాత మాన్యువల్ బాక్సులకు 80డబ్ల్యూ-90, జీఎల్-4, బండి పుస్తకంలో ఉన్నదే వాడాలి), కొద్దిగా లిథియం గ్రీజు, బ్రేక్ క్లీనర్, పోయిన డోవెల్ పిన్నులు. క్లచ్ ప్లేటు రివెట్ తలల కంటే 0.3 మి.మీ. మాత్రమే ఎత్తుగా ఉంటే ప్లేటు కూడా మార్చండి. మళ్లీ గేర్‌బాక్స్ దింపే కూలి కంటే ప్లేటు చవక.

దింపడం

బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసి పక్కన పెట్టండి. బండిని లేపాక జాకీని నమ్మి కిందికి వెళ్లవద్దు. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాలి, ఇటుకలూ కొబ్బరి మొద్దులూ కాదు. బండి కదిలేలా గట్టిగా తోసి చూసి, నిలబడిందని నిర్ధారించుకున్నాకే పడుకోండి. గేర్‌బాక్సును నేల మీదుగా బయటికి లాగడానికి కావాల్సినంత ఎత్తు ముందే కొలుచుకోండి. సగం పనిలో ఉండగా బండిని మళ్లీ లేపడం ప్రమాదం.

జాయింట్ షాఫ్ట్ ఫ్లాంజ్‌కూ డిఫరెన్షియల్ ఫ్లాంజ్‌కూ సూటిగా ఒక గీత పెట్టి విప్పండి. తిరిగి అదే గీతకు కలపకపోతే ఆ తర్వాత వచ్చే వణుకుకు కారణం వెతుక్కుంటూ కూర్చోవాలి. షాఫ్టు లాగగానే గేర్‌బాక్స్ తోక నుంచి ఆయిల్ కారుతుంది. ముందే ఆయిల్ తీసేయండి, లేదా తోకకు ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండుతో బిగించండి.

తర్వాత గేర్ రాడ్లు, స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ లైటు వైరు, స్టార్టర్ మోటారు. స్లేవ్ సిలిండర్‌ను పైపుతో సహా అలాగే తీసి వైరుతో పక్కకు కట్టండి. పైపు విప్పితే గాలి తీసే పని అదనం. స్లేవ్ వేలాడుతున్నప్పుడు పెడల్ ఎవరూ తొక్కకూడదు, పిస్టను బయటికి వచ్చేస్తుంది. సైలెన్సర్ పట్టీ అడ్డంగా ఉంటే దాన్నీ వదులు చేయండి.

ఇప్పుడు ఇంజను వెనుక భాగానికి ఆసరా. ఆయిల్ సంపు కింద జాకీ నేరుగా పెట్టవద్దు, మధ్యలో చెక్క ముక్క ఉండాలి. గేర్‌బాక్స్ క్రాస్ మెంబర్ (దాన్ని కింద నుంచి మోసే అడ్డ పట్టీ) తీశాక ఇంజను వెనక్కి వాలితే రేడియేటర్ ఫ్యాను దాని చుట్టూ ఉన్న కవచాన్ని తాకుతుంది, గొట్టాలు లాగుతాయి. గేర్‌బాక్స్ కింద ఇంకో జాకీ పెట్టి బరువు దాని మీద పడ్డాకే బెల్ హౌసింగ్ బోల్టులు విప్పండి. ట్రావెలర్ బాక్సు ఒక్కడు మోసేది కాదు. ఏ బోల్టు ఎక్కడిదో అట్టముక్క మీద బొమ్మ గీసి ఆ రంధ్రాల్లో గుచ్చండి. పొడవు బోల్టు పొట్టి రంధ్రంలో వేస్తే హౌసింగ్ పగులుతుంది.

బాక్సును సూటిగా వెనక్కి లాగాలి. ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. ఒక బోల్టు తీయడం మర్చిపోయి ఉంటారు, సాధారణంగా పైన, చేయి ఆనని చోట. షాఫ్టు క్లచ్ ప్లేటు లోంచి పూర్తిగా బయటికి వచ్చే దాకా బాక్సు వంగకూడదు.

తెరిచాక మొదట కళ్లతో చూడండి

కంప్రెసర్ గాలి పెట్టి ఊదవద్దు. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. తడి గుడ్డతో తుడవండి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

తుడవడానికి ముందే టార్చి వేసి చూడాల్సినవి ఉన్నాయి. ఫ్లైవీల్ మధ్య నుంచి సూర్యకిరణాల్లా బయటికి చిమ్మిన ఎర్రటి పొడి ఉంటే బేరింగు తుప్పు పట్టి ఎండిపోయిందన్న మాట. నల్లగా, పల్చగా ఆయిల్ ఉంటే క్రాంక్ సీలు. చిక్కగా, గంధకం కంపు కొట్టేదైతే గేర్‌బాక్స్ ముందు సీలు. రెండింటికీ తేడా వేలు పెట్టి వాసన చూస్తే తెలిసిపోతుంది.

ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కును గుడ్డతో తుడిచి గోరుతో గీయండి. గోరు పట్టుకునే గాడి ఉన్నా, నీలం రంగు మారినా, వెర్నియర్ కొలతలో 0.1 మి.మీ.కు మించి అరిగినా కొత్త బేరింగు నిలవదు. షాఫ్టు మార్చాలి, లేదా నమ్మకమైన లేత్ షాపులో మెటల్ స్ప్రేయో స్లీవో వేయించి పాత కొలతకు గ్రైండ్ చేయించాలి. మామూలు వెల్డింగ్ పెట్టి లేత్ కొట్టించడం వద్దు, షాఫ్టు వంగుతుంది. బాక్సులో షాఫ్టును చేత్తో ఊపి చూడండి. కొంచెం ఆట మామూలే. టకటకమని కొట్టుకుంటే గేర్‌బాక్స్ ముందు బేరింగు కూడా పోయింది.

ప్రెషర్ ప్లేటుకూ ఫ్లైవీల్‌కూ సెంటర్ పంచ్‌తో ఒక గుర్తు వేసి, బోల్టులను ఎదురెదురుగా అర చుట్టు చొప్పున వదులు చేయండి. ఒక పక్కనే విప్పితే ప్లేటు వంకరపోతుంది.

పాత బేరింగును బయటికి రప్పించడం

ఓమ్నీలో బేరింగు ఫ్లైవీల్ మధ్యలోనే కూర్చుంటుంది. ఫ్లైవీల్‌కు గుర్తు పెట్టి దింపి, వెనుక నుంచి సరైన రాడ్డుతో కొడితే బెంచి మీదే బయటికి వస్తుంది. ఎలాగూ ఫ్లైవీల్ దిగింది కాబట్టి క్రాంక్ సీలు కూడా ఇప్పుడే మార్చేయండి. పాత ట్రావెలర్ లాంటి డీజిల్ ఇంజన్లలో బేరింగు క్రాంక్‌షాఫ్ట్ చివరి గుడ్డి రంధ్రంలో ఉంటుంది. దానికి వెనుక వైపు లేదు, ముందు నుంచే లాగాలి.

మొదటి దారి లోపలి రింగును పట్టుకుని జారుడు సుత్తితో లాగే పుల్లరు. ఇది దొరికితే ఇంకేమీ ఆలోచించవద్దు. పెద్ద ఆటోనగర్ షెడ్లలో ఉంటుంది, అడిగితే ఇస్తారు.

రెండో దారి తడి కాగితం. దినపత్రికను నీళ్లలో నానబెట్టి గుజ్జు చేసి బేరింగు వెనుక ఖాళీలో కూరండి. లోపలి రంధ్రానికి సరిగ్గా బిగుసుకునే రాడ్డు కావాలి. 15 మి.మీ. రంధ్రానికి 14.8 మి.మీ. రాడ్డు, లేత్‌లో పది నిమిషాల పని. రాడ్డు పెట్టి సుత్తితో కొట్టండి, మళ్లీ గుజ్జు కూరండి, మళ్లీ కొట్టండి. లోపల పెరిగిన ఒత్తిడికి బేరింగు ముందుకు తోసుకు వస్తుంది. గ్రీజుతో కూడా చేస్తారు గానీ మూతలు పోయిన బేరింగులో గ్రీజు గుండ్ల సందుల్లోంచి ముఖం మీద చిమ్ముతుంది. కాగితం శుభ్రం. పని అయ్యాక ఖాళీలో ఒక్క కాగితం ముక్క కూడా మిగలకుండా తీసేయండి.

పాత బేరింగు విడిపోయి గుండ్లు రాలి, బయటి రింగు ఒక్కటే రంధ్రంలో అతుక్కుపోతే పై రెండూ పనిచేయవు. అప్పుడు డై గ్రైండర్‌తో రింగు లోపలి గోడకు ఒక గాడి పెట్టి, రంధ్రం గోడకు తగలకుండా, ఉలితో కొట్టి పగలగొట్టాలి. అనుభవం ఉన్న వెల్డర్ రింగు లోపలి గోడ మీద సన్నగా వెల్డింగ్ గీత లాగితే చల్లారేటప్పుడు రింగు కుంచించుకుని ఊడి వస్తుంది. ఈ పద్ధతిలో ఎర్త్ క్లాంపును ఫ్లైవీల్ మీదనో క్రాంక్ మీదనో పెట్టాలి. ఛాసిస్ మీద పెడితే కరెంటు ఇంజను బేరింగుల గుండా పోయి వాటిని పాడు చేస్తుంది. గ్యాస్ టార్చితో క్రాంక్ కొసను కాల్చడం మాత్రం ఎవరు సలహా ఇచ్చినా ఒప్పుకోవద్దు. ఆయిల్ సీలు మాడిపోతుంది, క్రాంక్ కొస గట్టిదనం దెబ్బతింటుంది.

కొత్తది కూర్చోబెట్టడం

రంధ్రాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడిగి, సన్న గరుకు కాగితంతో తుప్పు తీసి, వేలితో తడిమి చూడండి. కొత్త బేరింగును చేత్తో పెట్టి చూస్తే లోపలికి వెళ్లకూడదు, సుత్తి దెబ్బకు వెళ్లాలి. చేత్తోనే జారి పోతే రంధ్రం అరిగింది. ఇక్కడ కొందరు రంధ్రం గోడ మీద పంచ్‌తో చుక్కలు పెట్టి బిగువు తెప్పిస్తారు. నాలుగు చుక్కల మీద నిలబడ్డ బేరింగు కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి మళ్లీ వదులవుతుంది, పైగా మధ్య గీత తప్పుతుంది. ఖాళీ వెంట్రుకంత ఉంటే బేరింగు రిటైనింగ్ కాంపౌండ్ పెట్టండి. లాక్‌టైట్ 641 తర్వాత తీయడానికి వీలుగా ఉంటుంది, 638 అయితే 0.25 మి.మీ. ఖాళీ దాకా నింపుతుంది. బయటి రింగుకే సన్న పొర పూయాలి, సీలు వైపు పోకూడదు. అంతకు మించి అరిగితే లేత్‌లో రంధ్రం పెద్దది చేసి స్లీవ్ వేయించడమే దారి.

బేరింగును కవర్లో పెట్టి ఇంట్లో ఫ్రిజ్ ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచండి. ఎండాకాలంలో 40 డిగ్రీల ఫ్లైవీల్‌కూ మైనస్ 18 డిగ్రీల బేరింగుకూ తేడా వల్ల 35 మి.మీ. రింగు సుమారు 0.02 మి.మీ. కుంచించుకుంటుంది. అంకె చిన్నదే గానీ ఆ తేడాకే కొట్టే దెబ్బలు తగ్గుతాయి. మన ఉక్కపోతలో బయటికి తీయగానే దాని మీద నీరు పడుతుంది కాబట్టి కూర్చోబెట్టాక పొడి గుడ్డతో తుడవండి.

కొట్టేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. 35 మి.మీ. బేరింగుకు 33, 34 మి.మీ. బయటి వ్యాసం ఉన్న సాకెట్ చక్కగా సరిపోతుంది. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల ద్వారా బయటి రింగుకు చేరి సొట్టలు పెడుతుంది. కొత్త బేరింగు మొదటి రోజే సౌండు రావడానికి ఇదే ప్రధాన కారణం. ఒకే వైపు మూత ఉన్న రకమైతే మూత గేర్‌బాక్స్ వైపు ఉండాలి. పాతది ఎంత లోతులో ఉందో తీసే ముందే కొలిచి, అంతే లోతుకు దింపండి. కొట్టాక వేలు పెట్టి తిప్పి చూస్తే నూనె రాసినట్టు తిరగాలి.

ఫ్లైవీల్ తీసినట్లయితే బోల్టులు బండి పుస్తకంలో ఉన్న టార్కుకే, టార్క్ రెంచితోనే బిగించాలి. కొన్ని ఇంజన్లలో ఇవి సాగే రకం బోల్టులు, మళ్లీ వాడకూడదు. ఫ్లైవీల్ ముఖం మీద వెంట్రుక పగుళ్లు ఉన్నా, నీలి మచ్చలు ఉన్నా లేత్‌లో సాఫు చేయించండి.

ప్లేటు మధ్యకు తేవడం, గేర్‌బాక్స్ ఎక్కించడం

క్లచ్ ప్లేటు మీద ఫ్లైవీల్ వైపు అని రాసి ఉంటే అలాగే పెట్టండి. రాయకపోతే డ్యాంపర్ స్ప్రింగులు ఉబ్బిన వైపు సాధారణంగా గేర్‌బాక్స్ వైపుకు వస్తుంది. ప్లేటును మధ్యకు తేవడానికి ఆటోనగర్ పాత సామాను దుకాణాల్లో అదే బాక్సు పాత ఇన్‌పుట్ షాఫ్టు అడగండి. షాపులో దొరికే ప్లాస్టిక్ అలైన్‌మెంట్ టూల్ కంటే అది మంచిది, ఎందుకంటే బేరింగులో ముక్కు దూరుతోందో లేదో అక్కడే తెలిసిపోతుంది. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా రెండేసి చుట్లు బిగిస్తూ పోయి, ఎనిమిది మి.మీ. బోల్టులైతే 25 న్యూటన్ మీటర్ల దగ్గర, అంటే సుమారు 2.5 కేజీ మీటర్ల దగ్గర ఆపండి. పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం.

షాఫ్ట్ స్ప్లైన్లకు (క్లచ్ ప్లేటు జారే పొడవాటి పళ్లకు) బియ్యపు గింజంత గ్రీజు చాలు. ముక్కుకు సన్న పొర. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటు మీద పడుతుంది, క్లచ్ స్లిప్ అవుతుంది. 2ఆర్‌ఎస్ బేరింగులో అదనంగా గ్రీజు కూరే పని లేదు.

డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయో లేదో చూశాక బాక్సును జాకీ మీద ఎత్తండి. ఇంజనూ బాక్సూ ఒకే వాలులో ఉండాలి. బాక్సును గేరులో వేసి, తోకలో చేయి పెట్టి కొంచెం కొంచెం తిప్పుతూ తోస్తే స్ప్లైన్లు కలుస్తాయి. చివరి ఒక సెంటీమీటరు ఖాళీ దగ్గర చాలామంది చేసే తప్పు ఒకటే: బోల్టులు పెట్టి లాగేయడం. చేత్తో కలవకపోతే ప్లేటు మధ్యలో లేదు, లేదా ముక్కు బేరింగుకు ఎదురుగా లేదు. బోల్టులతో లాగితే కొత్త బేరింగు రింగు పగులుతుంది, లేదా హౌసింగ్ చెవి విరుగుతుంది. వెనక్కి తీసి మళ్లీ ప్రయత్నించండి. హౌసింగ్ ముఖాలు చుట్టూ చేత్తోనే కలిశాకే బోల్టులు.

మిగిలినవన్నీ తీసిన వరుసకు తలకిందులుగా. గేర్ ఆయిల్‌ను లెవెల్ ప్లగ్గు నుంచి కారేదాకా పోయండి. కేబుల్ బండికి పెడల్ ఫ్రీ ప్లే సాధారణంగా 15 నుంచి 25 మి.మీ. మధ్య ఉంటుంది, మీ పుస్తకంలోని అంకెకు సర్దండి. అసలు ఫ్రీ ప్లే లేకుండా బిగిస్తే రిలీజ్ బేరింగు ఎప్పుడూ తిరుగుతూ నెలల్లో పోతుంది.

బండి దించే ముందు

స్టాండ్ల మీద ఉండగానే, కింద ఎవరూ లేకుండా, స్టార్ట్ చేయండి. పెడల్ పూర్తిగా తొక్కి నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. కరకర లేకుండా పడాలి. పెడల్ తొక్కి ఉంచి ఫస్ట్ గేరులో ఉంటే వెనుక చక్రాలు తిరగకూడదు, కొంచెం కదిలినా చేత్తో కాదు, చెక్క ముక్కతో ఆనిస్తే ఆగిపోవాలి. ఆ తర్వాత మొదట్లో చేసిన సౌండు పరీక్షలు మూడూ మళ్లీ చేయండి.

సౌండు ఇంకా పెడల్ తొక్కినప్పుడే వస్తుంటే, బేరింగు కొట్టేటప్పుడు లోపలి రింగు మీద దెబ్బ పడిందేమో, నంబరు తేడాగా ఉందేమో ఆలోచించండి. న్యూట్రల్‌లో కాలు తీసినప్పుడు మాత్రమే వస్తుంటే గేర్‌బాక్స్ ముందు బేరింగు పాతదే, పైలట్ సౌండు దాన్ని కప్పేసింది. అన్నీ బాగుంటే 500 కి.మీ. తిరిగాక ఒకసారి కిందికి వెళ్లి బెల్ హౌసింగ్ కింది రంధ్రం దగ్గర ఆయిల్ తడి ఉందేమో, జాయింట్ షాఫ్ట్ బోల్టులు వదులయ్యాయేమో చూడండి.